వరి పరిశోధన లెక్కలో మన కొండ ఎక్కడ?

పోస్టు కొంచెం పొడుగు. సెలవులకి ఊరు వెళ్ళేలోపు చదివితే పనికొస్తుందని ఇప్పుడే పెడుతున్నాం. చివర్లో అందరికీ ఒక పని కూడా ఉంది.

మా హాస్టల్ గదిలో ఆరుగురం. అందరివీ ఏజెన్సీ ఊళ్ళే. ఆరు ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన నెల ఎకనామిక్స్ క్లాసులో సారు ఒక మాట అన్నారు. పేద దేశాల అభివృద్ధికి పెట్టిన డబ్బుల్లో అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనకి పెట్టిన డబ్బు బాగా ఫలించిందని. ఆ రాత్రి మెస్‌లో కంచాల ముందే వాదన మొదలైంది. "ఆ కొత్త వరి రకాలు రాకపోతే మన డిపోకి బియ్యం ఎక్కడివిరా" అన్నాడు ఒకడు. "మన విత్తనాలే పట్టుకెళ్ళి మార్చి తెచ్చారు, మనకేం ఒరిగింది" అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ గట్టిగానే అన్నారు. ఆధారం మాత్రం ఇద్దరి దగ్గరా లేదు. అందుకే లైబ్రరీలో కూర్చున్నాం. మాకు తేలినంత వరకు ఇక్కడ రాస్తున్నాం.

ముందు చరిత్ర. 1943లో బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆసియా దేశాలన్నిటికీ అదే భయం. జనం పెరుగుతున్నారు, పంట ఆ వేగంతో పెరగట్లేదు. అప్పటి వరి రకాలు పొడుగ్గా ఉండేవి. ఎరువు ఎక్కువ వేస్తే ఏపుగా పెరిగి, కంకి బరువుకి చేను పడిపోయేది. 1960లో ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల డబ్బుతో ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పెట్టారు. దాన్ని పొట్టిగా ఇర్రి అంటారు. అక్కడి శాస్త్రవేత్తలు ఇండోనేషియా పొడుగు రకం పేటని, తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌తో సంకరం చేశారు. అందులోంచి ఏరినదే ఐఆర్ 8. 1966 నవంబరులో విడుదలైంది. మొక్క పొట్టి, కాండం గట్టి. ఎరువు వేసినా పడిపోదు, ఆ ఎరువు బలం గింజకి వెళ్తుంది.

మరుసటి ఏడాదే, 1967లో, పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారనే రైతు దాన్ని వేశారు. ఆయన చేలో పండిన విత్తనం చుట్టుపక్కలకి పాకింది. ఆయనకి మిస్టర్ ఐఆర్ 8 అని పేరే పడిపోయింది. అంటే ఈ కథ తెలుగు నేలకి మొదటి నుంచీ తెలుసు. కాకపోతే కాలువ నీళ్ళు పారే డెల్టాకి తెలుసు.

1971లో ఇలాంటి సంస్థలన్నిటికీ కలిపి సీజీఐఏఆర్ అనే అంతర్జాతీయ కూటమి ఏర్పడింది. 1972లో మన పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. వాన మీదే ఆధారపడే మెట్ట నేలల కోసం పెట్టిన సంస్థ అది. జొన్న, సజ్జ, శనగ, కంది, తర్వాత వేరుశనగ దాని ప్రధాన పంటలు. ఆ జాబితా చూడగానే మాలో ఒకడు "చోడి ఏదిరా, సామ ఏది" అన్నాడు. చోడి చాలా ఏళ్ళ తర్వాత గాని ఆ జాబితాలోకి రాలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. పరిశోధన వల్ల మేలు జరిగిందని ఎలా చెప్తారు? 1960లో ఎకరానికి ఇంత, 2000లో ఇంత, కాబట్టి పెరిగిందంతా పరిశోధన వల్లే అంటే కుదరదు. ఆ నలభై ఏళ్ళలో కాలువలు వచ్చాయి, ఎరువులు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, మద్దతు ధర వచ్చింది. అందుకని ఆర్థికవేత్తలు ఇంకో ప్రశ్న వేస్తారు: ఆ పరిశోధన అసలు జరగకపోయి ఉంటే ఏమయ్యేది? జరగనిదాన్ని ఊహించి, జరిగినదానితో పోల్చాలి. ప్రభావ అంచనా అంటే ఇదే. వినడానికి తేలిక, చెయ్యడం చాలా కష్టం.

ఈ పనిలో బాగా పేరున్న వ్యాసం 2003లో సైన్స్ పత్రికలో వచ్చింది. రాసినవాళ్ళు రాబర్ట్ ఎవెన్సన్, డగ్లస్ గోలిన్. 11 పంటలు, 1960 నుంచి 2000 దాకా. ఆ కాలంలో 100కి పైగా దేశాల్లో 8,000 పైచిలుకు కొత్త రకాలు విడుదలయ్యాయని లెక్క తేల్చారు. ఆ పరిశోధన లేకపోతే పంటల ధరలు 35 నుంచి 66 శాతం ఎక్కువగా ఉండేవని అంచనా కట్టారు. కొనుక్కుని తినేవాడికి ఇది చిన్న విషయం కాదు. కూలి డబ్బుల్లో సగానికి పైగా తిండికే పోయే ఇంట్లో ధర అంత పెరిగితే, ఒక పూట పస్తే.

అంటే మెస్‌లో మొదటివాడు అన్నది తప్పు కాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం పెట్టింది. డెల్టాలో అంత వరి పండకపోతే అంత బియ్యం ఏజెన్సీ డిపోల దాకా ఎక్కేది కాదు. వానాకాలంలో, పాత గింజ అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని నెలల్లో మన పెద్దవాళ్ళు మామిడి టెంక పిండి, అడవి దుంపలు తిని గడిపిన రోజులు ఇంట్లో విన్నాం కదా. ఆ నెలల్లో డిపో బియ్యం ప్రాణం నిలబెట్టింది. ఇది ఒప్పుకోవాలి. మన బాధ చెప్పుకోవడానికి దీన్ని దాచాల్సిన పని లేదు.

కాని అదే వ్యాసంలో ఇంకో సంగతి ఉంది. కొత్త రకాల మేలు అందరికీ ఒకేలా అందలేదు. కొత్త రకం దక్కిన రైతుకి ధర తగ్గినా దిగుబడి పెరిగింది కాబట్టి గట్టెక్కాడు. దక్కని రైతుకి దిగుబడి పాతదే, ధర మాత్రం తగ్గింది. అతను నష్టపోయాడు. ఈ ముక్క చదివినప్పుడు మేం ఆరుగురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. అది మన ఇళ్ళ కథ.

మన భూమి మూడు రకాలు. గెడ్డ పక్కన పల్లం, దాని పైన గరువు, ఆ పైన కొండ. ఐఆర్ 8 తర్వాత వచ్చిన రకాలు పల్లంలోకి దిగాయి. అదీ నీళ్ళు నిలిచే నాలుగు మడుల్లో. గరువు మీద చోడి, సామ, వలిసెలకి, కొండ మీద కందికి, కొర్రకి అలాంటిదేమీ రాలేదు. పైగా డిపోలో బియ్యం చవగ్గా దొరికేసరికి చోడి పండించి దంచుకునే ఓపిక తగ్గింది. చోడి అంబలి తాగేవాడు పేదవాడు, అన్నం తినేవాడు ఉన్నవాడు అనే మాట మన ఇళ్ళలోకే వచ్చేసింది. ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు, ఇంట్లో అంబలి తాగుతామని చెప్పడానికి మేమే సిగ్గుపడ్డాం. 2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అప్పుడు పట్నంలో చోడి బిస్కెట్లు అద్దాల పెట్టెల్లోకి ఎక్కాయి. మనం మానేశాక వాళ్ళు మొదలుపెట్టారు.

ఇప్పుడు రెండోవాడి మాట: "మన విత్తనాలే పట్టుకెళ్ళారు." ఇందులోనూ నిజం ఉంది, కాని జాగ్రత్తగా చెప్పాలి.

మన పక్కనే ఒడిశా కొరాపుట్. అరకులో రైలెక్కితే అదే దారి. అక్కడి సంతలకి మనవాళ్ళు వెళ్తారు, అక్కడి నుంచి మన ఊళ్ళకి కోడళ్ళు వస్తారు. 1955 నుంచి 1959 దాకా కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ వాళ్ళు ఆ ప్రాంతమంతా తిరిగారు. దాన్ని జైపూర్ బొటానికల్ సర్వే అంటారు. ఆ నాలుగైదేళ్ళలో 1,745 వరి రకాలు సేకరించారు. ఒక్క కొండ ప్రాంతంలో 1,745! ప్రతి రకానికీ ఒక పేరు, ఒక నేల, ఒక అదను. ఆ రకాలు తమంతట తాముగా నిలబడలేదు. పండిన కంకుల్లో మంచివి ఏరి, ఎండబెట్టి, బూడిద కలిపి, ఎలకలకి అందకుండా కట్టి దాచిన చేతులున్నాయి. ఆ చేతులు ఎక్కువగా ఆదివాసీ ఆడవాళ్ళవి.

విత్తనం దాచినవాళ్ళకి ఏం దక్కిందో చూడాలంటే ఇంకో ఉదాహరణ. 1970లలో ఆగ్నేయ ఆసియాలో గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు వరిని తినేస్తోంది. దోమ ద్వారా పాకే తెగులు అది. ఇర్రిలో ఆరు వేలకు పైగా రకాలు పరీక్షిస్తే, తెగులుని గట్టిగా తట్టుకున్నది ఒక్కటే తేలింది. ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన అడవి వరి, శాస్త్రం పేరు ఒరైజా నివారా. మన తెలుగులో నివ్వరి అంటామే, ఆ జాతిదే. గురుదేవ్ సింగ్ ఖుష్ బృందం ఆ గుణాన్ని తీసుకుని 1976లో ఐఆర్ 36 తెచ్చింది. 1980లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ విస్తీర్ణంలో వేసిన వరి రకాల్లో అది ఒకటి. చెరువు గట్టున ఎవరూ పట్టించుకోని కలుపు గడ్డి లక్షల ఇళ్ళ అన్నం కాపాడింది.

దీన్ని దొంగతనం అనొచ్చా? అప్పట్లో విత్తనం మానవజాతి అందరి సొత్తు అనే భావన ఉండేది. ఇర్రి కూడా తన రకాలకి పేటెంట్ పెట్టి అమ్ముకోలేదు, దేశాలకి ఉచితంగానే ఇచ్చింది. కాబట్టి దొంగతనం అనే మాట ఇక్కడ అతకదు. కాని ఒక లోటు మాత్రం ఉంది. జీన్ బ్యాంకు రికార్డులో మామూలుగా రకం పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవాళ్ళ పేరు ఉంటాయి. ఆ రకాన్ని తరాలుగా నిలబెట్టిన ఇంటికి మామూలుగా గడి ఉండదు. గడి లేనప్పుడు లెక్కలో పేరు పడదు. పేరు పడనివాడికి వాటా ఎవరిస్తారు?

ఇంతవరకు చదివి మేం కాస్త నీరసపడ్డాం. అప్పుడు ఒక కథ దొరికింది. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

ఒడిశా తీరంలో వరదలెక్కువ. చేను వారం రోజులు నీళ్ళ కింద ఉంటే మామూలు వరి కుళ్ళిపోతుంది. కారణం ఏంటంటే, మునిగిన మొక్క గాలి కోసం పైకి సాగుతుంది. సాగడానికి తనలో ఉన్న బలమంతా ఖర్చు పెట్టేసుకుంటుంది. నీళ్ళు తీసేసరికి లేవలేదు. కాని ఒడిశా రైతుల దగ్గర ఒక దేశవాళీ రకం ఉండేది. అది మునిగితే సాగదు. ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా ఉండి, నీళ్ళు తీశాక మళ్ళీ చిగురిస్తుంది. దాంట్లోంచి ఏరిన రకానికి ఎఫ్ఆర్ 13ఏ అని పేరు పెట్టారు. దాని దిగుబడి తక్కువ. అందుకని రైతులు దాన్ని పెద్దగా వెయ్యలేదు.

1990లలో డేవిడ్ మెకిల్, కెనాంగ్ షు ఆ గుణం వరి 9వ క్రోమోజోమ్ మీద ఉందని కనిపెట్టారు. దానికి సబ్ 1 అని పేరు. 2006లో ఆ జన్యువు ఏదో తేలింది. ఇర్రి వాళ్ళు దాన్ని స్వర్ణ రకంలోకి చేర్చారు. స్వర్ణ మనదే, పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 7029. అలా ఒడిశా రైతు దాచిన గుణం, మార్టేరు రకం, ఫిలిప్పీన్స్ ప్రయోగశాల కలిసి స్వర్ణ సబ్ 1 అయింది. మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా బతుకుతుంది.

తర్వాత జరిగిందే మాకు బాగా నచ్చింది. విత్తనం ఇచ్చి వెళ్ళిపోకుండా, అది నిజంగా పనిచేసిందా అని వెనక్కొచ్చి చూశారు. మంజూర్ దార్, అలెన్ ద జాన్‌వ్రీ, కైల్ ఎమెరిక్, డేవిడ్ రైట్జర్, ఎలిజబెత్ సాదూలే అనే పరిశోధకులు ఒడిశాలో 128 ఊళ్ళు తీసుకున్నారు. ఏ ఊళ్ళకి విత్తనం ఇవ్వాలో చీటీలు తీసినట్టు ఎంపిక చేశారు. ఎంపికైన రైతులకి 5 కిలోల విత్తన సంచి. పలుకుబడి ఉన్నవాడికి ముందు ఇవ్వడం లేదు, నచ్చినవాడికి ఇవ్వడం లేదు. కాబట్టి ఇచ్చిన ఊళ్ళకీ ఇవ్వని ఊళ్ళకీ తర్వాత తేడా కనిపిస్తే అది విత్తనం వల్లే అని చెప్పొచ్చు. "జరగకపోయి ఉంటే ఏమయ్యేది" అనే ప్రశ్నకి ఇవ్వని ఊళ్ళే జవాబు.

2013లో ఫలితం అచ్చయింది. 7 నుంచి 14 రోజులు మునిగిన చేలల్లో స్వర్ణ సబ్ 1 దిగుబడి బాగా ఎక్కువ వచ్చింది. వరద రాని చేలల్లో నష్టం లేదు. ఇంకో సంగతి తేలింది. వరద ఎక్కువ వచ్చే లోతట్టు భూములు ఆ ఊళ్ళలో ఎక్కువగా ఎవరివి? తరాలుగా కింది కులాలని పక్కకి నెట్టినవాళ్ళవి. మంచి భూములు పెద్దవాళ్ళు తీసుకుంటే, మునిగే భూములు దళితులకి మిగిలాయి. కాబట్టి ఈ విత్తనం మేలు వాళ్ళకే ఎక్కువ అందింది. 2016లో ఇంకో వ్యాసంలో, చేను పోతుందన్న భయం తగ్గిన రైతులు ఎరువు ఎక్కువ వేశారని, నాట్లు ఎక్కువ వేశారని, ధైర్యంగా అప్పు తీసుకున్నారని తేలింది. భయం తగ్గితే పేదవాడు కూడా పెట్టుబడి పెడతాడు. మనవాళ్ళకి తెలివి లేదు, కొత్తది వెయ్యరు అని మొహం మీదే అనేవాళ్ళకి ఈ ఒక్క ఫలితం చూపిస్తే చాలు.

ఇప్పుడు మా ఊరి సంగతి ఒకటి. మాలో ఒకరి ఊళ్ళో కొన్నేళ్ళ కింద కొత్త వరి విత్తన సంచులు పంచారు. ఎవరికి పల్లం ఉంది, ఎవరికి గరువు ఉంది అని అడగలేదు. సంచి పుచ్చుకున్నట్టు వేలిముద్ర వేయించుకున్నారు, ఫోటో తీసుకున్నారు, వెళ్ళిపోయారు. ఆ ఏడు వాన ఆలస్యం. గరువు మీద చల్లిన వరి మోకాలెత్తు కూడా రాలేదు. ఆ సంచి మీద నమ్మకంతో ఆ ఇంటివాళ్ళు ఆ ఏడు సామ చల్లలేదు. ఉన్న సామ విత్తనం తినేశారు. మరుసటి ఏడాదికి ఆ రకం విత్తనం ఆ ఇంట్లో లేదు. పంట ఎలా ఉందని ఎవరూ తిరిగి రాలేదు. ఆ ఏడాది లెక్కలో మాత్రం ఆ ఇల్లు లబ్ధిదారుగానే ఉండి ఉంటుంది. వేలిముద్ర ఉంది కదా.

రెండు సంచుల మధ్య తేడా చూడండి. ఒడిశాలో 5 కిలోల సంచి ఇచ్చాక వెనక్కొచ్చి అడిగారు, ఏ నేలలో వేశావు, ఎన్ని రోజులు మునిగింది, ఎంత పండింది అని. అందుకే దళితుల పొలాలు లెక్కలోకి వచ్చాయి. మా ఊళ్ళో ఎవరూ అడగలేదు, కాబట్టి పోయిన సామ విత్తనం ఏ లెక్కలోనూ లేదు. పరిశోధన మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం కన్నా, లెక్క ఎవరు రాశారు, ఎవరిని అడిగి రాశారు అని అడగడం మేలని మాకు అర్థమైంది.

ఊళ్ళో కూర్చుని లెక్క రాసిన పద్ధతి మన తెలుగు నేల మీదా ఉంది. 1975 నుంచి ఇక్రిశాట్ వాళ్ళు మహబూబ్‌నగర్ జిల్లా ఆరేపల్లె, దోకూరు లాంటి ఊళ్ళలో మనుషుల్ని పెట్టి, ఇంటింటి పంట, కూలి, అప్పు, తిండి ఏళ్ళ తరబడి రాశారు. మెట్ట రైతు గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో చాలా భాగం అక్కడి నుంచి వచ్చిందే. మేం చదివిన పుస్తకాల్లో మన కొండ ఊరి నుంచి అలాంటి లెక్క కనపడలేదు. దాన్ని రాయగలిగేవాళ్ళం ఇప్పుడు మనమే. భాష మనకొచ్చు, నేల మనకి తెలుసు, చదువు కూడా కాస్త వచ్చింది.

చట్టం కూడా మన వైపు కొంత ఉంది. 1992 జీవవైవిధ్య ఒప్పందం తర్వాత విత్తనం ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి దాని మీద హక్కు వచ్చింది. మన దేశంలో 2001లో మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం వచ్చింది. రైతులు కాపాడిన రకాన్ని రైతుల పేరుతోనే నమోదు చేసుకోవచ్చు. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మన పంచాయతీలో ఆ రిజిస్టర్ ఉందా, ఉంటే అందులో మన విత్తనాల పేర్లు ఉన్నాయా, వెళ్ళి అడగండి. కొరాపుట్ జిల్లా పత్రాపుట్ ఆదివాసీ మహిళ కమలా పూజారి గారు వందకి పైగా దేశవాళీ వరి రకాలు కాపాడారు. 2019లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆమె చనిపోయారు. రికార్డులో గడి లేని చోట ఆమె పేరు రాయించుకున్నారు.

అందుకే ఈ సెలవుల్లో పని. ఇంట్లో అమ్మనీ, నాన్ననీ, ముసలివాళ్ళనీ కూర్చోబెట్టి ఇవి రాయండి.

1. ఇప్పుడు ఇంట్లో ఉన్న విత్తనాల పేర్లు, మన భాషలో ఎలా అంటే అలాగే.
2. ఒక్కోటి ఏ నేలకి: పల్లమా, గరువా, కొండా. ఎప్పుడు చల్లుతారు, ఎప్పుడు కోస్తారు.
3. విత్తనం దాచేది ఎవరు, వాళ్ళకి ఎవరిచ్చారు.
4. పోయిన రకాల పేర్లు. ఎప్పుడు పోయాయి, ఎందుకు పోయాయి.
5. బయటి నుంచి వచ్చిన విత్తనం ఏదైనా వేశారా, ఏమైంది. మంచి జరిగితే మంచి కూడా రాయండి. దాచొద్దు.

పేర్లు, ఫోటోలు గ్రూపులో పెట్టే ముందు ఊరి పెద్దలని అడగండి. విత్తనం మాత్రం వాళ్ళ మాట లేకుండా బయటివాళ్ళకి ఇవ్వొద్దు.

మా గదిలో వాదన ఇంకా అయిపోలేదు. డిపో బియ్యం గురించి మొదటివాడు ఇప్పటికీ అదే అంటాడు, విత్తనాల గురించి రెండోవాడు కూడా అంతే. కాకపోతే ఇప్పుడు ఇద్దరూ ఒకే నోటు పుస్తకం కొనుక్కుని ఊరు బయల్దేరుతున్నారు. అందులో మొదటి పేజీ రాసేశాం. వేలిముద్ర వేసిన ఆ ఇల్లు, ఆ ఏడు పోయిన సామ. పక్కింట్లో ఆ విత్తనం ఇంకా గుప్పెడు ఉందేమో ఈసారి అడిగి చూస్తాం.

తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాం. జై ఆదివాసీ.